విస్తీర్ణం లేని పట్టాదారు

మా ఊరి మాజీ సర్పంచ్ గుర్వయ్య నాకు చేసిన అన్యాయం గురించి రాస్తున్నాను. ముందుగా ఆయన గొప్పతనం చెప్పాలి, అది పద్ధతి. మా ఊళ్ళో ఎవరి మీద ఫిర్యాదు రాసినా మొదటి రెండు వాక్యాలూ అవతలివాడి పొగడ్తలకే పోతాయి. మూడో వాక్యానికి వచ్చేసరికి రాసేవాడికి భయమేసి సంతకం పెట్టేస్తాడు. నేను ఏడో తరగతిలోనే బడి మానేశాను కాబట్టి ఎక్కడ ఆపాలో తెలియదు. మొత్తం రాస్తాను.

గుర్వయ్య నా భూమిని కబ్జా చేయలేదు. హద్దురాయి జరపలేదు. దొంగకాగితం పుట్టించలేదు. అలాంటి మోటు పనులు ఆయన తండ్రి భీమయ్యతోనే పోయాయి. గుర్వయ్య చేసిందల్లా ఒక మంచిరోజు ఊరి శివారు చుట్టూ నడవడం. ఆయన వెనక, నెత్తిన గంప పెట్టుకుని నేను నడిచాను. నా వెనక ఊరంతా నడిచింది.

మా ఊరు బోడబండ. కట్టంగూరు దాటి హైవే దిగి లోపలికి వస్తే ముందు బండ కనిపిస్తుంది, తర్వాత మేం కనిపిస్తాం. మా బాపు జానయ్య ఆ భీమయ్య దగ్గర జీతం ఉన్నవాడు. ఏదో ఒక సర్కారు హయాంలో ఆయనకు భూమిలేనివాళ్ళకిచ్చే లావణి పట్టా కింద గుట్ట పక్కన ఇంత రాళ్ళ జాగా ఇచ్చారు. బాపు, నన్ను కన్న అవ్వ కలిసి ఆ రాళ్ళేరి చుట్టూ గెట్టు పోశారు. అంతకుముందు ఊళ్ళో బాపును 'జానిగా' అని పిలిచేవాళ్ళు. పట్టా వచ్చిన ఏడాదికి 'జానయ్యా' అన్నారు. ఒక మనిషి పేరు చివర 'అయ్య' మొలవడానికి ఎంత భూమి కావాలో శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు. మా ఊళ్ళో మాత్రం మా బాపుకు ఉన్నంత భూమి సరిపోయింది.

రాష్ట్రం వచ్చాక భూముల లెక్కలన్నీ కంప్యూటర్లోకి ఎక్కిన సంగతి మీకు తెలిసిందే. ఎక్కేటప్పుడు కొన్ని జారి పక్కవాడి ఒళ్ళో పడ్డాయి. పెద్ద పనుల్లో అది మామూలే. ఆ తర్వాత మా ఊరికి 'భూపట మహోత్సవం' వచ్చింది. పంచాయతీ ఆఫీసు ముందు బ్యానర్ కట్టారు. 'భౌగోళిక సమాచార వ్యవస్థ: రైతులకు తొలి పరిచయం' అని దాని మీద రాసి ఉంది. పరిచయం చేయడానికి హైదరాబాదు నుంచి ప్రేమ్‌సాగర్ అనే సారు వచ్చాడు. ఆయన చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. అప్పుడే మాకు ఆయన మీద గౌరవం కలిగింది.

"రైతు సోదరులారా, భూమి మీద లక్ష వస్తువులున్నాయని మీరనుకుంటారు. కంప్యూటర్‌కు మూడే ఉన్నాయి. పాయింట్, లైన్, పాలిగాన్. బావి పాయింట్. దానికి చోటు ఉంటుంది, విస్తీర్ణం ఉండదు. బాట లైన్. దానికి పొడవు ఉంటుంది, వెడల్పు ఉండదు. పొలం పాలిగాన్. బయలుదేరిన చోటికే వచ్చి కలిసే గీత. దాని కడుపులో ఉన్నదంతా దానిదే. ఈ మూడూ తెలిస్తే ప్రపంచం మీ చేతిలో ఉన్నట్టే" అన్నాడు సారు.

మా పక్క చేను భిక్షపతి వరసకు నాకు బామ్మర్ది. వాడికి నోరు ఆగదు.

"మరి మనిషేంది సారూ? చుక్కనా, గీతనా?" అన్నాడు.

సారు కొంచెం ఆలోచించి, మనిషి ఈ మూడింటిలో ఏదీ కాడని, పక్క గడిలో రాసుకునే వివరమని చెప్పాడు. మాకు నచ్చింది. ఇంత సూటిగా ఇదివరకు ఏ అధికారీ చెప్పలేదు.

తర్వాత భూమి గుండ్రంగా ఉంటుందని, కాగితం చదునుగా ఉంటుందని చెప్పడానికి గుర్వయ్య తోటలోని ఒక బత్తాయి తెప్పించాడు. తొక్క వలిచి బల్ల మీద అరచేత్తో అదిమాడు. తొక్క అంచుల్లో చిరిగింది. పటం గీసేటప్పుడు కూడా ఇలాగే ఒకచోట సాగుతుందని, ఒకచోట కుంచించుకుపోతుందని, అది శాస్త్రమని వివరించాడు. ఎవరిది సాగుతుందో, ఎవరిది కుంచించుకుపోతుందో చెప్పలేదు. బత్తాయి గుర్వయ్యది కాబట్టి మేమూ అడగలేదు.

ఇక అసలు పని. ఊరికొక 'పటమిత్ర' ఉండాలి. ఆయన ఫోన్‌లో ఒక యాప్ వేస్తారు. రైతు పేరు కొట్టి, ఫోన్ పట్టుకుని ఆ రైతు చేను గెట్టు మీద చుట్టూ నడిచి, బయలుదేరిన చోటికి వస్తే చాలు, పాలిగాన్ దానంతటదే పుడుతుంది. ఒక పాలిగాన్ మీద ఇంకో పాలిగాన్ పడకూడదు. ముందు పుట్టినదే నిలుస్తుంది. ఊరి పటమిత్రగా గుర్వయ్యను ఏకగ్రీవంగా ఎన్నుకున్నాం. ఆయన ఫోన్ అందరి ఫోన్ల కంటే పెద్దది. ఇంతకు మించిన అర్హత ఎవరూ అడగలేదు.

ఇప్పుడు మా ఊరి పొలి గురించి చెప్పాలి. తొలకరి విత్తనం మొలకెత్తాక మైసమ్మకు యాటను కోసి, ఆ నెత్తురు కలిపిన అన్నాన్ని శివారంతా తిరిగి చల్లుతాం. దాన్నే పొలి అంటాం. పొలి తిరిగిన గీత లోపలికి చీడ రాదని, పీడ రాదని నమ్మకం. ముందు కట్టె పట్టుకుని గుర్వయ్య ఇంటివాళ్ళు నడవాలి. వెనక గంప ఎత్తుకుని మా ఇంటివాళ్ళు నడవాలి. మా వెనక డప్పు, దాని వెనక ఊరు. నడిచేటప్పుడు మధ్యలో ఆగకూడదు, పక్కకు పోకూడదు, వెనక్కి తిరిగి చూడకూడదు. బయలుదేరిన చోటికే వచ్చి కలవాలి. ప్రేమ్‌సాగర్ సారు పాఠంలో మాకు వెంటనే అర్థమైన ముక్క అదొక్కటే ఎందుకో మీకిప్పుడు తెలిసి ఉంటుంది.

ఆ ఏడు పొలి నాటి పొద్దున గుర్వయ్య ముందుగా తన బత్తాయి తోట కొలుద్దామని యాప్ తెరిచి, తన పేరు కొట్టి, నడక మొదలుపెట్టాడు. అంతలో డప్పు మోగింది. ఆయన భక్తుడు. ఫోన్ అంగీ జేబులో వేసుకుని, కట్టె అందుకుని, అక్కడి నుంచే పొలికి కదిలాడు. నేను గంప ఎత్తుకుని, ఒక చేత్తో దాన్ని పట్టుకుని, ఇంకో చేత్తో పొలి చల్లుతూ వెనక నడిచాను. "పొలో పొలి" అని ఊరంతా అరిచింది. గుట్ట, చెరువు, బడి, శవాలు పూడ్చే బొందలగడ్డ, మా చేను, అందరి చేన్లు, ఇళ్ళతో సహా చుట్టి మళ్ళీ బత్తాయి తోట దగ్గరికి వచ్చాం. గుర్వయ్య జేబులో ఫోన్ గుర్రుమంది. తీసి చూస్తే 'అభినందనలు. మీ పాలిగాన్ పూర్తయింది. భద్రపరచమంటారా?' అని ఉంది. కట్టెకు పూసిన యాట నెత్తురు ఆయన చేతికి అంటి ఉంది. అందుకని చిటికెన వేలితో 'సరే' నొక్కాడు.

అభ్యంతరాలుంటే చెప్పమని నోటీసు పెట్టారు. ఆ నోటీసు ఇంటర్నెట్‌లో ఉంది. మా ఊళ్ళో ఇంటర్నెట్ బండ ఎక్కితేనే వస్తుంది. గడువు దాటాక ఎవడో తప్పిపోయిన మేక కోసం బండ ఎక్కినప్పుడు మాకు సంగతి తెలిసింది.

జిల్లాలో మిగిలిన ఊళ్ళు నెలల తరబడి గెట్ల మీద తిరుగుతున్నాయి. ఒక్క పూటలో పటం పూర్తి చేసిన ఊరిగా బోడబండకు పురస్కారం వచ్చింది. ఒక్క తగాదా లేదు, ఒక్క సరిహద్దు గొడవ లేదు, ఎందుకంటే ఒక్కటే పాలిగాన్. పంద్రాగస్టు నాడు గుర్వయ్యకు శాలువా కప్పారు. ఆయన మైకు అందుకుని మాట్లాడాడు.

"ఇది నా ఒక్కని గెలుపు గాదు. నా ఎనక నడిచిన ప్రజలది. నేను ముందల నడిచిన, గంతే. ఊరంత నా ఎంబడి అడుగుల అడుగేసింది. గీ పటంల ఉన్న గీత గీసింది మీ కాళ్ళే" అన్నాడు.

మేం చప్పట్లు కొట్టాం. ఆయన అన్న మాటల్లో ఒక్కటీ అబద్ధం లేదు.

ఆ తర్వాత మా భూముల సంగతేమిటని అడగడానికి మండల ఆఫీసుకు వెళ్ళాం. ప్రేమ్‌సాగర్ సారు అక్కడే ఉన్నాడు. మమ్మల్ని ఆప్యాయంగా కూర్చోబెట్టి, ఎవరి భూమీ పోలేదని ధైర్యం చెప్పాడు. పాలిగాన్ లోపల పాలిగాన్ పడకూడదు కాబట్టి, ఏ రైతూ నష్టపోకూడదనే సదుద్దేశంతో, లోపలున్న అందరినీ కంప్యూటర్ పాయింట్లుగా మార్చిందట. తెర మీద నా భూమి చూపించాడు. ఆవగింజంత చుక్క. పక్కన నా పేరు.

"నీ భూమి ఎక్కడుందో అక్కడే ఉంది. విస్తీర్ణం మాత్రం సున్నా. పాయింట్‌కు అది ఉండదు కదా, పాఠంలో చెప్పాను" అన్నాడు.

చెప్పిన మాట నిజమే.

అప్పటి నుంచి నేను విస్తీర్ణం లేని పట్టాదారును. పెట్టుబడి సాయం విస్తీర్ణాన్ని బట్టి ఇస్తారు. నాకు సున్నాకు ఎంత రావాలో అంతా వచ్చింది. ఎరువుల బస్తాలూ అదే లెక్కన ఇచ్చారు. తర్వాత బోర్ల లెక్క తీయడానికి ఇంకో శాఖవాళ్ళు వచ్చారు. వాళ్ళ పటంలో బోరూ చుక్కే, నేనూ చుక్కే. నా చేను దగ్గరికి వచ్చి, నీళ్ళు పడుతున్నాయా అని నన్ను అడిగి, లేదంటే 'ఎండిపోయిన బోరు' అని రాసుకుని పోయారు. ఆ తర్వాత పంటల లెక్కకు ఆకాశం నుంచి తీసిన ఫొటో వాడారు. ఆ ఫొటో గళ్ళగళ్ళుగా ఉంటుంది. ఒక గడిలో ఏది ఎక్కువుంటే గడంతా అదేనట. నా పత్తి చేను పడ్డ గడిలో గుర్వయ్య తోట కొంచెం ఎక్కువ పడింది. ఆ విధంగా నేను ఒక్క కాయ కూడా తినకుండా బత్తాయి పండించాను.

బండ్లబాట లైన్ అయింది. లైన్‌కు వెడల్పు ఉండదు. గుర్వయ్య చట్టం మీద గౌరవమున్న మనిషి. భూమిని పటానికి సరిపోయేలా సరిచేయాలని బాటను రెండు వైపుల నుంచీ దున్నించాడు. నాగలి ఆగేసరికి బాట నిజంగానే గీతలా మిగిలింది. దాని మీద మేకలు ఒకదాని వెనక ఒకటి పోగలవు. పత్తి మూటతో మనిషి అడ్డంగా నడవాలి.

ఇవన్నీ జరిగాక నేను ఒంటరిగా గుర్వయ్య ఇంటికి వెళ్ళాను. వాకిట్లో కుర్చీ వేసుకుని ఉన్నాడు. నన్ను చూసి నవ్వాడు.

"ఏందిరా లింగిగా" అన్నాడు.

అంతకుముందు నన్ను లింగస్వామీ అనేవాడు. విస్తీర్ణంతో పాటు ఇంకేం పోయిందో నాకు అప్పుడు అర్థమైంది.

"పటేలా, మా బాపు జాగ నీ పేరు మీదెట్లొచ్చింది?" అన్నాను.

"నేనేం జేసిన? నడిచిన. నువ్వు నడువలేదా? నాకంటే నువ్వే కష్టపడ్డవు, నెత్తి మీద గంప గూడ ఉండె. ఫికర్ జెయ్యకు. నీ జాగ నువ్వే దున్నుకో. నాకొక కౌలు కాగితం రాసియ్యి. కంప్యూటర్ల అంత సాఫ్‌గ ఉంటది."

అంటే నా చేను నేనే ఆయన దగ్గర కౌలుకు తీసుకోవాలి. చాలామంది అప్పటికే రాసిచ్చారు. భిక్షపతి కూడా రాసిచ్చి, తనకు కౌలుదారుగా గుర్తింపు దొరికిందని సంతోషపడ్డాడు. నేను రాసివ్వనన్నాను. అభ్యంతరం పెట్టుకుంటానని మళ్ళీ ఆఫీసుకు వెళ్ళాను. అభ్యంతరం మీద సరిహద్దు రైతు సంతకం ఉండాలన్నారు. భిక్షపతిని తీసుకెళ్ళాను. వాడు కుదరడన్నారు. నేను చుక్కను, వాడూ చుక్కే. చుక్కకు హద్దు ఉండదు. హద్దు లేనివాడికి పక్కవాడు ఉండడు. నలభై ఏళ్ళు గెట్టు గెట్టు కలిసి బతికిన మేం ఆ ఆఫీసులో ఒకరికొకరం ఏమీ కాకుండా పోయాం. నాకు నాలుగు దిక్కులా ఉన్న సరిహద్దు రైతు ఒక్కడే. ఆయన పేరు గుర్వయ్య. సంతకం ఆయనే పెట్టాలి.

ఇంటికొచ్చి కూలబడితే మా ఇంటిది పుష్పమ్మ నీళ్ళ చెంబు పెట్టింది. అంతా విన్నది.

"ఆయన నడిస్తె ఆయనదయ్యింది గద? నీకు కాళ్ళు లేవా?" అన్నది.

ఇంత సులువు సంగతి ప్రేమ్‌సాగర్ సారు పాఠంలో రాలేదు. మరుసటి ఏడు యాప్ కొత్తది వచ్చింది. ఎవరి ఫోన్‌లోనైనా వేసుకోవచ్చన్నారు, పాత పాలిగాన్ లోపల కూడా నడవొచ్చన్నారు. మా బిడ్డ నిహారిక చదువుకునే ఫోన్‌లో వేసింది. కానీ ఒక్కడినే నడిస్తే చెల్లదు. చుట్టూ నడిచేటప్పుడు ఊరి జనం చూస్తూ ఉండాలని కొత్త నియమం. ఊరి జనం ఒక్కచోట నడిచేది ఏడాదికి ఒక్కనాడు, పొలి నాడు.

మల్లీశ్వరి హోటల్ దగ్గర చాయ్ తాగుతూ అందరికీ చెప్పాను. పొలి మన చేన్ల మీదుగానే పోతుంది. ఎవరి గెట్టు వచ్చినప్పుడు వాళ్ళు పక్కకు తిరిగి, ఫోన్ పట్టుకుని, తమ చేను చుట్టూ నడవాలి. మిగిలినవాళ్ళు నిలబడి చూడాలి. సాయంత్రానికి ఊరంతా మళ్ళీ పాలిగాన్లవుతాం. అందరూ తలలూపారు. మల్లీశ్వరి కూడా ఊపింది. ఆమె హోటల్ కూడా గుర్వయ్య భూమిలో చుక్కే.

"నువ్వు మొదలు తిరుగు బావా. నీ ఎనకనే మేం" అన్నాడు భిక్షపతి.

"మైసమ్మకు కోపమొస్తదేమో" అని ఒకరు నసిగారు. మైసమ్మ బండ కూడా ఆయన పేరు మీదే ఉందని గుర్తు చేశాను.

పొలి నాడు గుర్వయ్య ముందు నడిచాడు. నేను గంప ఎత్తుకున్నాను. ఫోన్ నడుముకు కట్టుకున్నాను, చేతులు ఖాళీ ఉండవని పోయినేడు నేర్చుకున్నాను కాబట్టి. గుట్ట దాటాక మొదట వచ్చేది మా గెట్టే. అవ్వ నెత్తి మీద నుంచి దిగిన రాళ్ళ మీద కాలు పెట్టాను. పక్కకు తిరిగాను. గంపతో సహా తిరిగాను.

డప్పు ఆగలేదు.

నడుస్తూ చెవులు రిక్కించాను. నా వెనక అడుగుల చప్పుడు లేదు. ఒక మూల తిరిగేటప్పుడు చూశాను. ఊరు మొత్తం గుర్వయ్య కట్టె వెనకే పోతోంది. గంప నా నెత్తి మీద ఉంది, అన్నం నా గంపలో ఉంది, అయినా వాళ్ళు "పొలో పొలి" అని అరుస్తూ, వట్టి చేతులతో గాలిలోకి ఏదో చల్లుతూ పోతున్నారు. పొలి లేకుండానే ఆ ఏడు పొలి జరిగింది. ఏ లోటూ రాలేదు. నేను నా చేను చుట్టూ నెత్తుటన్నం చల్లుకుంటూ తిరిగి, బయలుదేరిన రాయి దగ్గరికి వచ్చి ఆగాను. నడుము దగ్గర ఫోన్ గుర్రుమంది. గెట్టు మీద ఒక్క పుష్పమ్మే ఉంది.

"అయ్యిందా?" అన్నది.

"అయ్యింది" అన్నాను.

సాయంత్రం భిక్షపతి ఇంటికొచ్చి, నా ముఖం చూడకుండా చెప్పాడు.

"పొలిల ఎనుకకు మర్రి చూసుడు పడదు గద బావా. నువ్వు తిరిగినవని మాకెట్ల తెలుస్తది?"

నేను వాడి ముందు నడిచానని గుర్తు చేయలేదు.

మర్నాడు ఆఫీసుకు వెళ్ళాను. జనం చూశారా లేదా అని సారు అడగలేదు. ఊరంతా ఆ దారిలోనే ఉన్నట్టు గుర్వయ్య ఫోన్ సాక్ష్యం చెప్పిందట. సారు తెర చూసి సంతోషించాడు. యాప్ ఈసారి నా నడకను తోసిపుచ్చలేదు. కొత్త దాంట్లో పాలిగాన్ లోపల ఇంకో చుట్టు ఒప్పుకుంటారట. దాన్ని రంధ్రం అంటారట. గుర్వయ్య పాలిగాన్‌లో ఇప్పుడు అధికారికంగా ఒక రంధ్రం ఉంది. అది ఆయనది కాదు.

"అయితే నాదే గద సారూ?" అన్నాను.

"నీది కాదు. రంధ్రం అంటే ఆకారం కాదు, ఆకారం లేకపోవడం. లేనిదానికి పేరు రాయడానికి గడి ఉండదు. నీ పాయింట్ కూడా తీసేయాల్సి వచ్చింది. రంధ్రంలో పాయింట్ నిలబడదు."

"మరి అక్కడ ఉన్నదేంది సారూ?"

"ఏమీ లేదు. కానీ చాలా కచ్చితంగా లేదు" అని తెర నా వైపు తిప్పాడు.

రంధ్రానికి విస్తీర్ణం ఉంది. ఈ యంత్రం అబద్ధమాడదు. మా బాపు కాలం నుంచి గొలుసు పట్టుకొచ్చిన ప్రతివాడూ మా చేనును గుంటో అరగుంటో తక్కువే కొలిచాడు. ఇదొక్కటే బాపు చెప్పిన లెక్కకు వీసమంత తేడా లేకుండా చూపించింది.

పొలి మధ్యలో గంపతో పక్కకు పోయినందుకు ఊరు నన్ను తప్పు కింద జరిమానా కట్టమంది. పత్తికి పురుగు తగిలితే నా పేరే చెబుతున్నారు. కౌలు రాసివ్వడానికి కూడా ఇప్పుడు నాకు వీల్లేదు. లేని భూమికి కౌలేమిటని గుర్వయ్య అన్నాడు. పైగా తన పాలిగాన్ చెడిందని నా మీద అభ్యంతరం పెట్టాడు. దాని మీద ఊరి చుక్కలన్నీ వరసగా సంతకాలు చేశాయి. చుక్కల సంతకాలు ఆఫీసులో ఈసారి చెల్లాయి. హోటల్ దగ్గర నేను కనబడితే కాస్త జరిగి కూర్చుంటున్నారు.

"ఏమన్నగానీ లింగిగా, బొక్క కంటే చుక్క నయ్యం" అన్నాడు మొన్న భిక్షపతి. అందరూ నవ్వారు. బావా అనడం మరిచిపోయాడు.

వచ్చే పొలికి గంప వాడికే ఇచ్చారు. గంప దక్కినందుకు వాడి ఇంట్లో పండుగ చేసుకున్నారు.

మా బాపు, అవ్వ ఇద్దరే రాళ్ళేరి ఆ భూమిని చేశారు. దాన్ని పోగొట్టడానికి మాత్రం ఊరంతా నడవాల్సి వచ్చింది. పోయింది ఎకరం పన్నెండు గుంటలు.